బేక్ చేసిన దుంప చిప్స్ అంచులు మాడి మధ్యలో సాగుతుంటే ఏం చేయాలి

ఇంట్లో చేసిన దుంప చిప్స్ సరిగ్గా రావట్లేదు, ఓవెన్ పాడైందేమో అని రాశారు కదా. ఓవెన్ పాడైపోలేదండీ, దాన్ని మార్చకండి. మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. బీట్‌రూట్, క్యారెట్, చిలగడదుంప మూడూ కోసి, ఒకే ట్రేలో పరిచి, 200 డిగ్రీల మీద 20 నిమిషాలు పెట్టారు. అంచులు నల్లబడ్డాయి, మధ్యలో సాగుతూ ఉండిపోయాయి, బాగా వచ్చిన ఆ కాసినీ డబ్బాలో పోస్తే సాయంత్రానికి మెత్తబడ్డాయి. అత్తగారికి షుగర్ కాబట్టి నూనెలో దేవినవి వద్దనుకుని ఇటు వచ్చానన్నారు, ఆ సంగతి చివర్లో చెప్తాను, అక్కడ మీరు అనుకుంటున్నది సగమే నిజం. నేను కాకినాడలో ఇంటి నుంచే చిరుతిళ్ల ఆర్డర్లు చేస్తుంటాను, బేక్ చేసినవి కావాలని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు, కాబట్టి ఈ గొడవ నాకు రోజూ ఉండేదే.

నూనెలో చేసినా ఓవెన్‌లో చేసినా చిప్స్ అనే అంటాం గానీ లోపల జరిగే పని వేరు. 170, 180 డిగ్రీల నూనెలో ముక్క పడగానే అన్ని వైపులా ఒకేసారి వేడి తగులుతుంది, లోపలి నీరు బుడగలుగా పైకి వచ్చేస్తుంది, రెండు మూడు నిమిషాల్లో బుడగలు తగ్గాయంటే నీరు అయిపోయినట్టే. ఓవెన్‌లో గాలి వేడిని చాలా నిదానంగా అందిస్తుంది. ముక్క అంచు ముందే ఎండిపోయి బాగా వేడెక్కుతుంటే మధ్యలో ఇంకా తడి ఉంటుంది, తడి ఉన్నంతసేపూ ఆ భాగం వంద డిగ్రీలు దాటదు. దాటని చోట కరకర రాదు, దాటిన చోట 200 దగ్గర మాడకుండా ఉండదు. మీకు జరిగింది ఇదే. కాబట్టి వేడి పెంచితే త్వరగా అయిపోతాయన్న ఆలోచన వదిలేయండి. ఇక్కడ ముక్కాలు భాగం పని ఎండబెట్టడం, చివర్లో మాత్రమే కాస్త వేగడం.

ఎంత నీరు పోవాలో లెక్క వేసుకుంటే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. బీట్‌రూట్‌లో 100 గ్రాములకి దాదాపు 87 గ్రాములు నీరే. చెక్కు తీసిన అరకిలో ముక్కలు పెట్టారంటే 430 మిల్లీలీటర్ల దాకా నీరు ఆవిరై ఆ చిన్న పెట్టెలోంచి బయటికి పోవాలి. చివరికి చేతికొచ్చేది నూనె, ఉప్పు కలుపుకుని 70 గ్రాముల చిప్స్, అంతే. అరకిలో పెడితే ఇంతేనా వచ్చింది అని బాధపడేవాళ్లు చాలామంది, అంతకన్నా ఎక్కువ తూగాయంటే లోపల తడి మిగిలిందనే అర్థం. ఓవెన్ తలుపు అద్దానికి లోపలి వైపు నీటి చుక్కలు జారుతుంటాయి చూడండి, ఆ సమయంలో లోపల గాలి ఆవిరితో నిండిపోయి ఉంటుంది, ఇంక ముక్కల్లోని నీటిని అది తీసుకోలేదు. అందుకని మొదటి అరగంటలో ప్రతి పది నిమిషాలకీ ఒకసారి తలుపు తెరిచి ఆవిరిని వదిలేయాలి. కొందరు తలుపు సందులో చెక్క గరిటె కాడ పెట్టి కొంచెం ఓరగా ఉంచుతారు, ఆ పద్ధతి కూడా బాగానే పనిచేస్తుంది, కాకపోతే పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఇంక ఒకే ట్రే సంగతి. దుంపలన్నీ ఒకలా కనిపించినా ఒకదానిలో చక్కెర ఎక్కువ, ఒకదానిలో పిండి పదార్థం ఎక్కువ. బంగాళదుంపలో పిండి ఎక్కువ, చక్కెర 100 గ్రాములకి ఒక గ్రాము లోపే. బీట్‌రూట్‌లో పిండి దాదాపు లేనట్టే, చక్కెర మాత్రం 7 గ్రాముల దాకా. క్యారెట్‌లో 5 గ్రాముల దగ్గర. చిలగడదుంప మధ్యలో ఉంటుంది, పిండీ ఉంది, చక్కెరా ఉంది. చక్కెర ఎక్కువున్నది తక్కువ వేడిలోనే నల్లబడి చేదెక్కుతుంది, పిండి ఎక్కువున్నది ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. మూడూ ఒకే ట్రేలో వేస్తే మూడింటికీ న్యాయం జరగదు. ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి, లేదంటే రోజుకొకటి చేసి చివర్లో గిన్నెలో కలుపుకోండి. బజార్లో ప్యాకెట్లలో రంగురంగులుగా కలిపి అమ్మేవి చూసి ఒకేసారి చేస్తారేమో అనుకుంటాం గానీ, దేనికది విడిగా వేయించి తర్వాత కలపకపోతే అంత సమంగా రావు.

కోయడం దగ్గరే సగం పని అయిపోతుంది. కత్తితో కోయకండి, ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా ఒక ముక్క పల్చగా, ఒకటి మందంగా వస్తుంది. చిప్స్ కట్టర్ ఉంటే 1.5 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకోండి, ఇంచుమించు ఇప్పటి రూపాయి బిళ్ల మందం. అంతకన్నా పల్చనైతే ట్రేకి అంటుకుని పొరలా ఊడొస్తుంది, 2 దాటితే మధ్యలో ఎండదు. ఒక ముక్కలోనే ఒక పక్క మందం, ఒక పక్క పల్చన ఉంటే ఏ వేడీ దాన్ని బాగు చేయలేదు. కట్టర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ పట్టు ఉంటుంది కదా, దాన్ని పారేయకుండా వాడండి. చివరి ముక్క కోసం వేళ్లు పణంగా పెట్టక్కర్లేదు, దాన్ని సాంబారులో వేసుకోవచ్చు.

బీట్‌రూట్ నుంచి మొదలుపెడదాం, దానితోనే అందరూ దెబ్బతింటారు. చెక్కు తీసి చక్రాలుగా కోసి, అరకిలోకి అరచెంచా ఉప్పు పట్టించి పావుగంట జల్లెడలో వదిలేయండి. కింద గిన్నెలోకి ఎర్రటి నీళ్లు బాగానే దిగుతాయి, అవి ఓవెన్‌కి తప్పిన పని. తర్వాత పాత నూలు గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి అరచేత్తో నొక్కి తడి అద్దేయండి. గుడ్డకి పట్టిన రంగు మళ్లీ పోదు, మంచి గుడ్డ తీయకండి. ఉప్పు ఇక్కడే పడింది కాబట్టి చివర్లో మళ్లీ చల్లకండి. నూనె అరకిలోకి రెండు చిన్న చెంచాలు చాలు, చేత్తో ప్రతి ముక్కకీ రాయండి. అసలు నూనె లేకుండా చేస్తే కాగితం నమిలినట్టుంటుంది, ఎక్కువైతే ముక్క మీద పేరుకుని జిడ్డుగా, మెత్తగా ఉండిపోతుంది.

ట్రేలో ఓవెన్ కాగితం వేసి, దాని మీద ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, 150 డిగ్రీలకి ముందే వేడెక్కిన ఓవెన్‌లో పెట్టండి. మొదటి 20 నిమిషాలు వాటి మీద ఇంకో కాగితం వేసి ఇంకో ట్రే బోర్లించకుండా తిన్నగా మోపి ఉంచితే ముక్కలు ముడుచుకుపోవు, ఎందుకంటే అంచులు ముందు ఎండి కుంచించుకుపోవడం వల్లే అవి దొప్పల్లా తిరుగుతాయి. తర్వాత పై ట్రే తీసేసి, ముక్కలు తిరగేసి, వేడి 120కి తగ్గించి ఇంకో 35 నుంచి 50 నిమిషాలు. ఈ దశలో గడియారాన్ని నమ్మకండి, ముక్కని చూడండి. మధ్యలో ముదురు రంగులో మెరుస్తూ తడి మచ్చ ఒకటి కనిపిస్తుంది, అది కుంకుమ బొట్టంత అయి ఇంకా తగ్గుతూ వస్తుంది, అది పోయి ముక్క మొత్తం ఒకే రంగులోకి, కాస్త వెలిసినట్టు వచ్చిందంటే అయిపోయినట్టు. అన్నీ ఒకేసారి అవ్వవు. అయినవి ఒక్కొక్కటే తీసేస్తూ మిగతావి లోపలికి తోసేయాలి, ఇది ఓపిక పని, దీనికి అడ్డదారి లేదు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ఓవెన్‌లోంచి తీయగానే పట్టుకుంటే బీట్‌రూట్ ముక్క వంగుతుంది. అయ్యో ఇంకా అవ్వలేదు అని మళ్లీ లోపల పెడతారు, మాడుతుంది. చక్కెర ఉన్న ముక్క వేడి మీద మెత్తగానే ఉంటుంది, చల్లారాకే గట్టిపడి విరుగుతుంది. ఒక్క ముక్క తీసి స్టీలు పళ్లెంలో రెండు నిమిషాలు వదిలి అప్పుడు విరిచి చూడండి. టక్కుమని విరిగితే తీసేయండి, వంగి సాగితే ఇంకో ఐదు నిమిషాలు.

చిలగడదుంపకి వేరే చిక్కు. దాని లోపల పిండిని చక్కెరగా మార్చే ఎంజైము ఒకటి ఉంటుంది, అది 60 నుంచి 75 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది. నిప్పుల్లో నిదానంగా కాల్చిన దుంప అంత తియ్యగా ఉండేది అందుకే. మనం తక్కువ వేడిలో ఎండబెడుతుంటే తడి ముక్క సరిగ్గా ఆ వేడి దగ్గరే చాలాసేపు ఉంటుంది, దాంతో చక్కెర పెరిగి చివర్లో గబుక్కున నల్లబడుతుంది. దీనికి మందు తేలిక. కోసిన ముక్కల్ని మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేసి, తీసి, చల్లటి నీళ్లలో ముంచి, బాగా తుడిచేయండి. ఆ ఎంజైము అక్కడే ఆగిపోతుంది, పైనున్న చక్కెర, పిండి కొంత నీళ్లలోకి పోతాయి. తర్వాత 150 దగ్గర ఓ 30, 40 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. మన మార్కెట్లో ఎర్ర తొక్కతో లోపల తెల్లగా ఉండే రకం చిప్స్‌కి బాగుంటుంది, నారింజ రంగు గుజ్జు రకంలో నీరు ఎక్కువ, అది కూరకో పాయసానికో ఉంచుకోండి. శివరాత్రి ముందు దొరికే తాజా దుంపలైతే ఇంకా మంచిది.

క్యారెట్ మాత్రం నిజం చెప్పాలంటే వదిలేయండి. అంత కష్టపడితే ముక్క చిల్లర పైసంత అయి కూర్చుంటుంది, తీపి తప్ప రుచి ఉండదు. పిల్లలు రంగు కోసం అడిగితే పీలర్‌తో పొడవుగా రిబ్బన్లలా తీసి 120 దగ్గర ఎండబెట్టండి. ముల్లంగి అసలు మొదలుపెట్టొద్దు, 95 శాతం నీరే.

బంగాళదుంప కొన్నాక ఫ్రిజ్‌లో పెట్టకండి. చలిలో ఉంచితే దాని పిండి కొంత చక్కెరగా మారుతుంది, ఆ దుంపతో ఏం చేసినా చిప్స్ గోధుమ రంగుకే వస్తాయి. కోల్డ్ స్టోరేజీ సరుకుకీ ఇదే తిప్పలు. చిప్స్ కంపెనీలు అందుకే వేరే రకాలు వాడతాయి, సిమ్లాలోని కేంద్రీయ బంగాళదుంప పరిశోధనా సంస్థ 1998లో కుఫ్రీ చిప్సోనా రకాల్ని విడుదల చేసింది ఈ పని కోసమే, చక్కెర తక్కువ, నీరు తక్కువ. మనకి చిల్లరగా అవి దొరకడం కష్టం, కాబట్టి సంక్రాంతి తర్వాత వచ్చే కొత్త పంట తీసుకుని, కోసిన ముక్కల్ని నీళ్లు తేటపడేదాకా కడిగి, అరగంట చల్లటి నీళ్లలో నానబెట్టి, తుడిచి, 170 దగ్గర పెట్టండి. 20, 25 నిమిషాల్లో అయిపోతాయి. ఇదొక్కటే కాస్త ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది.

మీరు అడగలేదు గానీ, బేక్ చేయడానికి నా ఓటు చామదుంపకీ కందకీ. పిండి ఎక్కువ, చక్కెర బాగా తక్కువ, కరకర ఎక్కువసేపు నిలుస్తుంది. దురద ఒక్కటే సమస్య, వాటిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పచ్చిగా కోసి నేరుగా ఓవెన్‌లో పెడితే గొంతు పట్టేస్తుంది. చామదుంపని తొక్కతోనే ముప్పాతిక వంతు ఉడికించి, చల్లారాక తొక్క తీసి, 2 మిల్లీమీటర్ల చక్రాలు కోయండి, జిగురు కూడా తగ్గుతుంది. కందని ముక్కలు కోసి చింతపండు పులుసు నీళ్లలో ఉప్పు, పసుపు వేసి కాసేపు ఉడికించి వార్చేయాలి. కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోండి, కందకు లేని దురద కత్తిపీటకు లేకపోవచ్చు గానీ మన చేతికి ఉంటుంది. రెండిటికీ 160 డిగ్రీలు, 30 నిమిషాల చుట్టుపక్కల. వాము, మిరియాల పొడి వీటికి బాగా కలుస్తాయి.

కర్రపెండలం గురించి ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా పక్కన పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం కోసం పండించే దుంప ఇది, మా సంతల్లో బాగా దొరుకుతుంది, చిప్స్ కూడా అద్భుతంగా వస్తాయి. కానీ పచ్చి దుంపలో సైనైడ్ పుట్టించే పదార్థాలుంటాయి, తొక్కలో ఇంకా ఎక్కువ. తొక్క కింద ఉండే తెల్లటి మందపాటి పొరతో సహా తీసేసి, ముక్కలు కోసి, మూత పెట్టకుండా బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, చల్లారాకే చక్రాలు కోయాలి. చేదుగా అనిపించిన దుంపని మొత్తం పారేయండి, మొహమాటం వద్దు.

ఓవెన్ గురించి రెండు మాటలు. ఇళ్లలో ఉండే చిన్న కరెంటు ఓవెన్లు, అంటే ఓటీజీలు, డయల్ మీద చూపించేదానికీ లోపల ఉండేదానికీ 15, 20 డిగ్రీల తేడా రావడం మామూలే, మీది అంచుల్ని మాడ్చిందంటే అది 200 కన్నా ఎక్కువే ఇచ్చి ఉండొచ్చు. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. కింది, పై రాడ్లు రెండూ ఆన్ చేసి, ఫ్యాన్ ఉంటే వేసి, మధ్య అరలో పెట్టాలి. వెనక వైపు వేడి ఎక్కువ ఉంటుంది కాబట్టి సగంలో ట్రేని అటుదిటు తిప్పాలి. ఓవెన్‌తో వచ్చే నల్ల ట్రే త్వరగా వేడెక్కి ముక్క అడుగుని మాడుస్తుంది, కాగితం తప్పనిసరి. కాగితం కొనేటప్పుడు మాత్రం ఓవెన్‌కి పనికొస్తుందని అట్ట మీద రాసి ఉందో లేదో చూడండి, బటర్ పేపర్ పేరుతో మైనం పూసినవి కూడా అమ్ముతారు, అవి లోపల పొగలు కక్కుతాయి. కారం, వెల్లుల్లి పొడి, చాట్ మసాలా ఏవైనా సరే బయటికి తీశాక వేడి మీద చల్లండి. ముందే పట్టిస్తే కారం మాడి ఇల్లంతా దగ్గు.

ఎయిర్ ఫ్రయర్ కొనాలా అని అడిగారు. అది కూడా ఓవెనే, చిన్నది, గాలి జోరు ఎక్కువ. తొందరగా ఎండుతాయి, నిజమే, కానీ ఒక వరసలో పరిస్తే గుప్పెడే పడతాయి, పల్చటి ముక్కలు ఎగిరి పైన రాడ్‌కి తగులుకుంటాయి, వాటి మీద జాలీ పెట్టాలి. ఇంట్లో ఓటీజీ ఉండగా చిప్స్ కోసం అది అక్కర్లేదు.

సాయంత్రానికి మెత్తబడటానికి రెండు కారణాలు. ఒకటి మధ్యలో మిగిలిన తడి, అది ఊరికే ఉండదు, డబ్బాలో మెల్లగా అంచులకి పాకుతుంది, పొద్దున విరిగిన అంచు సాయంత్రం వంగేది అందుకే. రెండోది గాలి. మీది విశాఖ, మాది కాకినాడ, మనవి సముద్రపు ఊళ్లు, చక్కెర ఉన్న చిప్స్ ఆ గాలిలోని తేమని లాగేసుకుంటాయి. పూర్తిగా చల్లారాకే, అంటే పావుగంట ఆగి, గట్టి మూత ఉన్న పొడి డబ్బాలో పోయండి, వెచ్చగా ఉండగా మూత పెడితే లోపలే ఆవిరి పడుతుంది. బీట్‌రూట్‌వి ఆ రోజే తినేయడం ఉత్తమం, చామ, కంద చిప్స్ నాలుగైదు రోజులు ఆగుతాయి. మెత్తబడ్డవాటిని పారేయకండి, 110 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు పెట్టి చల్లార్చితే మళ్లీ విరుగుతాయి.

నల్లగా మాడినవి మాత్రం తినొద్దు. చేదు ఒక్కటే కాదు సమస్య. పిండి పదార్థాలున్న వంటకాలు 120 డిగ్రీలు దాటి బాగా ఎర్రబడితే అక్రిలమైడ్ అనే హానికరమైన రసాయనం తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు, బేక్ చేసినా అది రాకుండా పోదు, చక్కెర ఉన్న దుంపల్లో ఇంకా త్వరగా వస్తుంది. లేత బంగారు రంగు దగ్గర ఆపేయండి.

ఇక అత్తగారి సంగతి. బేక్ చేస్తే నూనె తగ్గుతుంది, నిజం. చక్కెర మాత్రం తగ్గదు, నీరు పోయాక అదే చక్కెర ఇంకా చిక్కబడుతుంది. బీట్‌రూట్ ఎండాక మిగిలేదాంట్లో సగానికి పైగా చక్కెరే. పైన లెక్క చెప్పిన 70 గ్రాముల చిప్స్ టీవీ చూస్తూ ఒకరు తినేయగలరు, అది అరకిలో బీట్‌రూట్, 30 గ్రాముల పైన చక్కెర. కూరగా అయితే అరకిలో ఎవరూ ఒక్కరే తినరు కదా. చామ, కందల్లో చక్కెర తక్కువైనా పిండి ఉంది, అదీ లెక్కలోకి వస్తుంది. చిన్న గిన్నెలో ఓ పదిహేను గ్రాములు విడిగా తీసి, గుప్పెడు వేయించిన పల్లీలతో ఇవ్వండి, ఎంత వరకు ఫర్వాలేదో ఆవిడ డాక్టర్ని అడగండి. ఆవిడకి ఒళ్లో డబ్బా పెట్టుకుని తినే సరదా ఉంటే కాకరకాయ చేసి పెట్టండి: పల్చటి చక్రాలు, ఉప్పు పట్టించి అరగంట, నీరు పోయేలా గట్టిగా పిండేసి, కొంచెం నూనె, 150 దగ్గర 30 నిమిషాలు, బయటికి తీశాక కరివేపాకు కారం. బెండకాయ కూడా నిలువుగా చీల్చి ఇలాగే చేయొచ్చు, దానికి ఉప్పు ముందు వేయకండి, జిగురు వస్తుంది.